డయలైజర్లకు ఒక లెక్కల మాస్టారి మార్కులు

ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాదు. గుంటూరు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. సోమ, బుధ, శుక్రవారాల్లో లాస్ట్ బెల్ కొట్టగానే బండి తీసి డయాలిసిస్ సెంటర్‌కి వెళ్తాను, నా కిడ్నీలు చేయలేని పని మెషిన్ చేత చేయించుకోవడానికి. నాది సాయంత్రం షిఫ్టు. రెండొందల ఇయర్‌ఫోన్స్ కొనడానికి అరగంట రివ్యూలు చదివే మనవాళ్ళు, ఒంట్లో రక్తమంతా వెళ్ళి తిరిగొచ్చే వస్తువు దగ్గరికి వచ్చేసరికి ‘వాళ్ళేది పెడితే అదే’ అంటారు. మా షిఫ్టులో అడిగి చూశాను, తమ రక్తాన్ని వడకట్టే ఆ డయలైజర్ పేరు ఒక్కరికీ తెలియదు. అందుకే నేను వాడినవాటి గురించి, వాడుతూ తెలుసుకున్నదాని గురించి రాస్తున్నాను. మార్కులు కూడా వేస్తాను, వృత్తి అలవాటు.

మా సెంటర్లో దాన్ని డయలైజర్ అని ఎవరూ అనరు. టెక్నీషియన్లకి అది ఫిల్టర్, ఆయాలకి కిడ్నీ. ‘మాస్టారి కిడ్నీ ఆ బల్ల మీద పెట్టావా’ అన్న మాటకి మొదట్లో ఒళ్ళు జలదరించేది. ఇప్పుడు నేనే అంటున్నాను.

చూడటానికి అడుగు పొడవుండే ప్లాస్టిక్ గొట్టం. ఒక చివర ఎరుపు, ఇంకో చివర నీలం. లోపల తెల్ల దారాల కట్టలా కనిపించేవన్నీ నిజానికి బోలుగా ఉండే సన్నటి పోగులు, పదివేలకు అటూ ఇటూ ఉంటాయి. ఒక్కొక్కదాని లోపలి వ్యాసం సుమారు 0.2 మిల్లీమీటర్లు. రక్తం ఆ పోగుల లోపల్నుంచి పోతుంది, మలినాల్ని లాక్కునే డయాలిసేట్ ద్రవం వాటి బయట ఎదురు దిశలో వస్తుంది. పోగు గోడకున్న సూక్ష్మ రంధ్రాల గుండా యూరియా, క్రియాటినిన్, పొటాషియం, ఒంట్లో చేరిన అదనపు నీరు బయటికి పోతాయి. పెట్టె మీద 1.6 చదరపు మీటర్లు అని ఉంటే చాలామంది నమ్మరు, చేతిలో పట్టే గొట్టంలో అంత వైశాల్యం ఎక్కణ్ణుంచి వస్తుందని. దానికి పదో తరగతి క్షేత్రమితి చాలు. వ్యాసార్థం 0.1 మిల్లీమీటర్, పొడవు 250 మిల్లీమీటర్లు అనుకుని స్థూపం వక్రతల వైశాల్యం కట్టండి, ఒక పోగుకి 157 చదరపు మిల్లీమీటర్లు వస్తుంది. పదివేల పోగులకి 1.57 చదరపు మీటర్లు. ఈ లెక్క మా పిల్లల చేత చేయించాను. ఆ గొట్టం ఏమిటో మాత్రం చెప్పలేదు.

నాకు మొదట పెట్టింది ఫ్రెసీనియస్ వాళ్ళ ఎఫ్6 హెచ్‌పీఎస్. పాలీసల్ఫోన్ అనే ప్లాస్టిక్ పొర, 1.3 చదరపు మీటర్లు, లో ఫ్లక్స్ (అంటే సన్న కన్నాల రకం), ఆవిరితో స్టెరిలైజ్ చేసింది. చిన్న ఒళ్ళున్నవాళ్ళకి, ఇంకా కాస్తో కూస్తో మూత్రం వస్తున్నవాళ్ళకి, అప్పుడే మొదలుపెట్టినవాళ్ళకి ఇలాంటి చిన్న ఫిల్టర్ సరైనదే. మొదటి సిట్టింగుల్లో యూరియా ఒక్కసారిగా లాగేస్తే తలనొప్పి, వాంతులు, ముదిరితే ఫిట్స్ కూడా వస్తాయి. అందుకే మొదట్లో చిన్న ఫిల్టర్ పెట్టి, తక్కువ స్పీడులో, తక్కువసేపు నడుపుతారు. అది చూసి ‘మనకి చవక రకం పెట్టారు’ అని గొడవపడకండి.

కానీ నేను 74 కిలోలు. మొదలుపెట్టిన కొన్ని నెలలకి మూత్రం దాదాపు ఆగిపోయింది. అప్పుడు యూఆర్ఆర్, అంటే ఒక సిట్టింగులో యూరియా ఎంత శాతం తగ్గిందన్న లెక్క, చూస్తే ముందు యూరియా 142, తర్వాత 52. అంటే 63 శాతం తగ్గింది. కనీసం 65 ఉండాలి. డయాలిసిస్ ఎంత సరిపోయిందో చెప్పే కేటీ బై వీ అని ఇంకో కొలత ఉంది, వారానికి మూడుసార్లు చేయించుకునేవాళ్ళకి అది 1.2కి తగ్గకూడదు, 1.4 వస్తే హాయి. నేను పాస్ మార్కుకి రెండు తక్కువ. గ్రేస్ మార్కులు వేసే పరీక్ష కాదిది. ఎఫ్6కి చిన్న ఒంటికైతే పదికి ఎనిమిది వేస్తాను, నా సైజు ఒంటికైతే ఐదు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. రెండో శాంపిల్ ఎలా తీశారన్నదాన్ని బట్టి ఈ అంకె ఎటైనా తిరుగుతుంది. రక్తమంతా సెలైన్‌తో వెనక్కి తోసేశాక ఆ లైన్లోంచే తీస్తే సెలైన్ కలిసి యూరియా తక్కువ చూపిస్తుంది, రిపోర్టు భేషుగ్గా ఉంటుంది. రక్తాన్ని నడిపే పంప్ ఫుల్ స్పీడులో ఉండగా తీసినా, ఫిస్టులా (సూదులు గుచ్చడానికి చేతిలో ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళం) సరిగా లేనివాళ్ళలో శుభ్రమైన రక్తమే మళ్ళీ లైన్లోకి వచ్చి అదే మాయ జరుగుతుంది. డయాలిసేట్ ఆపి, పంప్‌ని నిమిషానికి 100 మి.లీ.కి తగ్గించి, పావు నిమిషం ఆగి, ఒంట్లోంచి రక్తం తెచ్చే ఎర్ర లైన్లోంచి తీయాలి. ‘మీకెందుకు మాస్టారూ ఇవన్నీ’ అని మా టెక్నీషియన్ కుర్రాడు మొదట విసుక్కున్నాడు. ఇప్పుడు నా వంతు వచ్చినప్పుడు తనే పంప్ తగ్గించి ‘చూస్కోండి’ అంటాడు.

ఇక రీయూజ్. అసలు గొడవంతా ఇక్కడే ఉంది, బ్రాండ్ల దగ్గర కాదు. మన రాష్ట్రాల్లో ఒకే ఫిల్టర్‌ని కడిగి అదే మనిషికి మళ్ళీ మళ్ళీ వాడే సెంటర్లు ఇప్పటికీ బోలెడు. ఒకప్పుడు అమెరికాలోనూ ఎక్కువ సెంటర్లు ఇదే పని చేసేవి, 1990ల తర్వాత మెల్లగా మానేశాయి. పద్ధతిగా చేస్తే రీయూజ్ మరీ పాపమేమీ కాదు, డబ్బు మిగులుతుంది. పద్ధతిగా చేస్తేనే.

నేను మొదట వెళ్ళిన సెంటర్లో మంచాల హాలుకి ఆనుకుని ఒక ఇరుకు గది. తలుపు తీస్తే ముక్కు అదిరే వెనిగర్ వాసన, అది పెరాసిటిక్ యాసిడ్‌ది. కొన్నిచోట్ల ఫార్మలిన్ వాడతారు, దాని ఘాటుకి కళ్ళు మండుతాయి. గోడకి స్టాండు, అందులో వరసగా ఫిల్టర్లు. ఒక్కో దానికి ప్లాస్టర్ ముక్క, దాని మీద స్కెచ్‌తో పేరు, మొదట వాడిన తేదీ, ఎన్నోసారి అన్నది. కొత్త ఫిల్టర్ పాలలా తెల్లగా ఉంటుంది. నాలుగైదు వాడకాలయ్యేసరికి పోగులు లేత గోధుమ రంగుకి తిరుగుతాయి, అక్కడక్కడ కడిగినా పోని నల్లటి చారలు. ఆ చార ఉన్న పోగులో రక్తం గడ్డకట్టి అది మూసుకుపోయిందని అర్థం. అలా మూసుకుపోయినవి ఎన్నో తేల్చడానికే ప్రతిసారీ లోపలి ఘనపరిమాణం కొలవాలి. మొదటిరోజు కొలిచినదాంట్లో 80 శాతానికి తగ్గితే ఆ ఫిల్టర్ పారేయాలి.

రిజిస్టర్ చూపించమని అడిగాను. నా పేజీలో ప్రతి వాడకానికీ ‘98 శాతం’ అని ఉంది. పక్క పేజీ తిప్పితే అక్కడా 98. ఇంకో పేజీ, 98. లెక్కల మాస్టారి ముందు ఇలాంటి పని చేయకూడదు. నిజంగా కొలిచిన అంకె ఒకటి తగ్గుతుంది, ఒకటి పెరుగుతుంది, అన్నీ ఒక్కలాగే ఉన్నాయంటే అది కొలత కాదు, పరీక్ష హాల్లో నేను రోజూ పట్టుకునే సరుకే. నా ముందు కొలవమన్నాను. ఫిల్టర్లోని నీళ్ళని కొలపాత్రలోకి ఊదితే 61 మి.లీ. వచ్చాయి. మొదటి రోజు అంకె 80. అంటే 76 శాతం. ‘ఇవాళ కొత్తది వేద్దాంలెండి మాస్టారూ’ అన్నాడు ఆ అబ్బాయి, తల ఎత్తకుండా. అతణ్ణి అనడానికేం లేదు, పన్నెండు మంచాలకి ఇద్దరే ఉంటే ఎవరు మాత్రం కొలుస్తారు. ఆ సెంటర్ పేరు రాయను. ఆ తర్వాతి నెలలోనే మారిపోయాను.

రీయూజ్ తప్పనివాళ్ళు మూడు చూసుకోండి. ఒకటి, పెట్టేముందు ఫిల్టర్ మీద పేరు మీరే పైకి చదవండి. మా షిఫ్టులో ఒకే పేరున్నవాళ్ళం ఇద్దరం, నాన్న పేరు కూడా రాయించుకున్నాం. రెండు, కెమికల్ పూర్తిగా పోయిందో లేదో స్ట్రిప్ ముంచి చూపించమనండి. మూడు, హెపటైటిస్ బి ఉన్నవాళ్ళ ఫిల్టర్ అసలు రీయూజ్ చేయకూడదు, వాళ్ళ మెషిన్ కూడా వేరుగా ఉండాలి. అది ఆ గదిలో పాటిస్తున్నారో లేదో చూడండి. ఇంకో తమాషా ఏమిటంటే, చాలా ఫిల్టర్ల పెట్టె మీద 2 అంకె మీద అడ్డగీత కొట్టిన గుర్తు ఉంటుంది. రెండోసారి వాడొద్దని దానర్థం. కడిగి ఆరోసారి వాడుతున్నదాని లేబుల్ మీద కూడా అది అలాగే మెరుస్తూ ఉంటుంది. ఆ సెంటర్లో నేను చూసిన రీయూజ్‌కి పదికి రెండు. నిజాయితీగా చేసే చోటైతే ఆరు ఇస్తాను.

కొత్త సెంటర్లో సింగిల్ యూజ్, ఎఫ్8 హెచ్‌పీఎస్, 1.8 చదరపు మీటర్లు. ఇదీ లో ఫ్లక్సే, సైజు పెద్దది. డాక్టరుగారు ఫిల్టర్, పంప్ స్పీడ్, టైము మూడూ ఒకేసారి మారుద్దామన్నారు. ‘సార్, ఒక్కొక్కటే మార్చండి, ఏది పనిచేసిందో తెలియాలిగా’ అన్నాను. నవ్వి సరేనన్నారు. ఫిల్టర్ ఒక్కటే మారిస్తే 63 కాస్తా 65 అయింది. పంప్‌ని 200 నుంచి 280కి పెంచి, మూడున్నర గంటల్ని నిఖార్సుగా నాలుగు చేశాక 70కి వచ్చింది. ఈ రివ్యూ అంతా చదివే ఓపిక లేనివాళ్ళు ఈ మూడు అంకెలు గుర్తుపెట్టుకుంటే చాలు.

కారణం చాలా సులువు. నిమిషానికి 200 మి.లీ. రక్తం ఫిల్టర్లోకి వెళ్తుంటే, ప్రపంచంలోకెల్లా ఖరీదైన ఫిల్టరైనా నిమిషానికి 200 కంటే ఎక్కువ శుభ్రం చేయలేదు. చిన్న ఫిల్టరే అందులో ఎక్కువ భాగం చేసేస్తోంది, ఇంకా పెద్దది పెట్టినా మిగిలింది కొంచెమే కదా. రక్తం ఎక్కువ పంపితేనే పెద్ద ఫిల్టర్‌కి చేతినిండా పని. రక్తం ఎక్కువ రావాలంటే ఫిస్టులా బాగుండాలి, సూది లావు సరిపోవాలి. ఫిస్టులా 200 మించి ఇవ్వనివాళ్ళు ఫిల్టర్ మీద అదనంగా డబ్బు పెట్టడం కంటే ఆ ఫిస్టులాకి ఒక డాప్లర్ స్కాన్ తీయించుకోవడం మేలు. ఇక టైము సంగతి. సాయంత్రం షిఫ్టులో మూడుంపావు దాటగానే ‘తీసేద్దామా మాస్టారూ’ అని అడుగుతారు, హాలంతా సంతోషంగా తలూపుతుంది. ఫాస్ఫరస్ అనే మొండి సరుకు ఆఖరి గంటలో కూడా మెల్లమెల్లగా దిగుతూనే ఉంటుంది. దాన్ని వదిలేసి, ఇంటికెళ్ళి ఫాస్ఫరస్ తగ్గించే సెవెలమర్ మాత్రలు గుప్పెడు మింగడం ఏం లెక్కో నాకర్థం కాదు. ఎఫ్8కి ఎనిమిది.

తర్వాత హై ఫ్లక్స్. అందరూ అడిగేది దీని గురించే, ఎందుకంటే పేరులోనే ‘హై’ ఉంది. నేను ఎక్కువగా వాడింది నిప్రో ఎలిసియో 17హెచ్. పేరులో 17 అంటే 1.7 చదరపు మీటర్లు, హెచ్ అంటే హై ఫ్లక్స్. ఈ పేరు పెట్టే పద్ధతి నాకు నచ్చింది, పెట్టె చూడగానే తెలిసిపోతుంది. కొన్నాళ్ళు ఫ్రెసీనియస్ ఎఫ్‌ఎక్స్ 80 కూడా వాడాను, 1.8 చదరపు మీటర్లు. ఈ రెండింటికీ మధ్య నా రిపోర్టుల్లో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. స్టాక్ ఏది ఉంటే అది తీసుకోండి.

లో ఫ్లక్స్ పిండి జల్లెడ అనుకుంటే హై ఫ్లక్స్ రవ్వ జల్లెడ, కన్నాలు పెద్దవి. యూరియా అణువు బరువు 60 డాల్టన్లు, అది రెండింట్లోంచీ పోతుంది. అందుకే హై ఫ్లక్స్‌కి మారగానే యూరియా ఢమాల్న పడిపోతుందనుకునేవాళ్ళకి నిరాశే, నా యూఆర్ఆర్ 70 దగ్గరే ఉంది. తేడా వచ్చేది బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ లాంటి వాటి దగ్గర. దాని బరువు 11,800. లో ఫ్లక్స్ లోంచి అది దాదాపు పోదు. ఏళ్ళ తరబడి ఒంట్లో పేరుకుని కీళ్ళలో, మణికట్టులో చేరి నొప్పులు, వేళ్ళ తిమ్మిర్లు తెస్తుంది. అల్బుమిన్ బరువు 66,000, అది మనకి కావలసిన ప్రొటీన్, అది పోకూడదు. 11,800ని పంపి 66,000ని ఆపే కన్నం చేయడంలోనే ఈ కంపెనీల పనితనమంతా ఉంది.

మరి ఆయుష్షు పెరుగుతుందా అంటే, అమెరికాలో 1,846 మంది మీద చేసిన హీమో అధ్యయనం 2002లో వచ్చింది. మొత్తం మీద చూస్తే హై ఫ్లక్స్ వాడినవాళ్ళకీ లో ఫ్లక్స్ వాడినవాళ్ళకీ మరణాల్లో గట్టిగా చెప్పగలిగే తేడా రాలేదు. కానీ అప్పటికే 3.7 ఏళ్ళు దాటి డయాలిసిస్‌లో ఉన్నవాళ్ళని విడిగా చూస్తే మేలు కనపడింది. యూరప్‌లో 2009లో వచ్చిన ఎంపీఓ అధ్యయనంలో రక్తంలో అల్బుమిన్ డెసిలీటరుకి 4 గ్రాములు లేక అంతకంటే తక్కువ ఉన్నవాళ్ళకి హై ఫ్లక్స్ లాభించింది. ఈ రెండూ కలిపి నేను తీసుకున్న అర్థం ఇది. తమ్ముడో అమ్మో కిడ్నీ ఇస్తున్నారు, ఆరు నెలల్లో ఆపరేషన్ అనుకుంటే లో ఫ్లక్స్‌తో నిశ్చింతగా గడిపేయొచ్చు. జీవన్‌దాన్ అవయవదాన జాబితాలో పేరు రాయించుకుని ఎప్పుడొస్తుందో తెలియని పిలుపు కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు, అసలు మార్పిడి కుదరనివాళ్ళు, షుగర్ ఉన్నవాళ్ళు, అల్బుమిన్ తక్కువున్నవాళ్ళు హై ఫ్లక్స్ గురించి డాక్టర్ని అడగాలి. నాకు దాత లేరు. మా ఆవిడది సరిపోలేదు. కాబట్టి నేను హై ఫ్లక్స్‌లో ఉన్నాను.

వాడుతుంటే ఏమనిపించింది? మొదటి నెల ఏమీ అనిపించలేదు. ‘మారాక ఒళ్ళు దూదిపింజ అయిపోయింది’ అని చెప్పేవాళ్ళని నేను నమ్మను. కాకపోతే రాత్రిళ్ళు వీపు దురద తగ్గిందని మా ఆవిడ అంటుంది. అది ఫిల్టర్ వల్లో, అదే సమయంలో ఫాస్ఫరస్ అదుపులోకి రావడం వల్లో విడదీసి చెప్పలేను. మార్కులు తొమ్మిది. నీళ్ళు బాగుంటేనే.

ఆ నీళ్ళ సంగతి ఇప్పుడు చెబుతాను, ఎందుకంటే ఫిల్టర్ అమ్మేవాడు చెప్పడు. నిమిషానికి 500 మి.లీ. చొప్పున నాలుగు గంటలకి, ఆర్‌ఓ నీళ్ళతో కలిపిన 120 లీటర్ల డయాలిసేట్ మన రక్తానికి పోగు గోడ మందం దూరంలో పారుతుంది. హై ఫ్లక్స్‌లో కన్నాలు పెద్దవి కావడంతో, రక్తం బయటికొచ్చే చివర పీడనం తిరగబడి ఆ ద్రవం కొంత రక్తంలోకి వెనక్కి వచ్చేస్తుంది. నీళ్ళలో చచ్చిన బ్యాక్టీరియా ముక్కలుంటే, వాటినే ఎండోటాక్సిన్లంటారు, అవీ లోపలికి వస్తాయి. మామూలు డయాలిసిస్ నీళ్ళలో మిల్లీలీటరుకి బ్యాక్టీరియా 100 లోపు ఉండాలి. హై ఫ్లక్స్‌కి కోరుకునే అల్ట్రాప్యూర్ ద్రవంలో అది 0.1 లోపు. తేడా వెయ్యి రెట్లు.

బంధువుల పెళ్ళికని వేరే ఊరు వెళ్ళినప్పుడు అక్కడొక సెంటర్లో చేయించుకోవాల్సి వచ్చింది. నాతో తీసుకెళ్ళిన హై ఫ్లక్స్ ఫిల్టరే పెట్టారు. మొదలైన గంటలోపే వెన్నులోంచి చలి, పళ్ళు టకటకమని కొట్టుకోవడం. రెండు దుప్పట్లు కప్పారు, ఇంజెక్షన్ చేశారు. ‘ఏసీ ఎక్కువైంది సార్’ అన్నారు. ఆర్‌ఓ ప్లాంట్ గదిలోకి తొంగిచూస్తే నీళ్ళ టెస్ట్ చార్టులో ఆఖరి ఎంట్రీ ఎప్పటిదో. సోమవారం మా సెంటర్లో అదే కంపెనీ, అదే బ్యాచ్ ఫిల్టర్ పెట్టుకుంటే చలీ లేదు, గిలీ లేదు. ఒక్క అనుభవంతో రుజువైందని అనను. కానీ అప్పట్నుంచి కొత్త చోటికి వెళ్తే ముందు అడిగేది ఇదే: ఆర్‌ఓ నీళ్ళకి కల్చర్, ఎండోటాక్సిన్ టెస్టులు చివరిసారి ఎప్పుడు చేయించారు, మెషిన్ వెనకాల ఉండే ఎండోటాక్సిన్ ఫిల్టర్ ఎప్పుడు మార్చారు. రెండింటికీ తడుముకోకుండా జవాబు వస్తే హై ఫ్లక్స్. లేకపోతే ఆ పూటకి లో ఫ్లక్స్ చాలు.

హై ఫ్లక్స్‌కి మారేవాళ్ళకి ఇంకో మాట. వాంకోమైసిన్ లాంటి యాంటిబయాటిక్ లో ఫ్లక్స్‌లో పెద్దగా పోదు, హై ఫ్లక్స్‌లో బాగానే పోతుంది. జ్వరమొచ్చి ఇంజెక్షన్లు వాడుతుంటే, మీకు పెడుతున్న ఫిల్టర్ ఏదో ఆ డాక్టరుకి చెప్పి తీరాలి.

బ్యాక్స్‌టర్ థెరానోవా 400 కూడా కొన్ని సిట్టింగులు వాడాను. దీన్ని మీడియం కటాఫ్ అంటారు. హై ఫ్లక్స్ తీయలేని ఇంకా పెద్ద అణువుల్ని, 45,000 డాల్టన్ల దాకా, ఇది తీస్తుంది. మామూలు మెషిన్ మీదే నడుస్తుంది, అది పెద్ద సుఖం. అల్బుమిన్ కొద్దిగా ఎక్కువ పోతుంది కాబట్టి తిండి బాగా తినగలిగినవాళ్ళకే నయం. హెచ్‌డీఎఫ్ (డయాలిసిస్ చేస్తూనే ఎక్కువ ద్రవాన్ని రక్తంలోకి ఎక్కించి, మళ్ళీ లాగేసే హీమోడయాఫిల్ట్రేషన్) పద్ధతిలో దీన్ని వాడకూడదు. సరుకు గొప్పదే, కానీ నా ఒంటికి అంత అవసరమైన దశ ఇంకా రాలేదు, నా జేబుకి అసలే రాలేదు. హెచ్‌డీఎఫ్ మన ఊళ్ళ వరకు ఇంకా రాలేదు గానీ, 2023లో వచ్చిన కన్విన్స్ అధ్యయనంలో 1,360 మందిలో హై ఫ్లక్స్ వాడినవాళ్ళలో 21.9 శాతం చనిపోతే, హెచ్‌డీఎఫ్ వాళ్ళలో 17.3 శాతం. పెద్ద నగరాల్లో ఉండి, ఆ స్తోమత ఉన్నవాళ్ళు మీడియం కటాఫ్ కంటే ముందు దాని గురించి అడగండి.

అందరికీ అన్నీ పడవు. మా పక్క మంచం పెద్దమ్మకి ఒక ఫిల్టర్ పెడితే మొదటి పది నిమిషాల్లోనే ఒళ్ళంతా మంట, దురద, ఊపిరాడకపోవడం. పెద్దమ్మ ‘అయ్యా, గుండె పట్టేస్తోంది’ అనగానే సిస్టర్ పంప్ ఆపేసింది, లైన్లోని రక్తాన్ని వెనక్కి ఇవ్వకుండా పారేసింది. అదే సరైన పద్ధతి. ఆ ఫిల్టర్‌ని ఇథిలీన్ ఆక్సైడ్ గ్యాస్‌తో స్టెరిలైజ్ చేశారు. కొందరికి అది పడదు. ఆవిరితో చేసినదానికి మార్చి, సెలైన్‌తో రెండింతలు కడిగి పెట్టాక మళ్ళీ రాలేదు. పాలీసల్ఫోన్ పొరే పడనివాళ్ళు కూడా ఉంటారు, వాళ్ళకి సెల్యులోజ్ ట్రైఅసిటేట్ పొరతో చేసినవి దొరుకుతాయి. పెట్టె మీద స్టెరిలైజేషన్ ఆవిరా, గామా కిరణాలా, గ్యాసా అని గుర్తు ఉంటుంది. మీకు పడినది ఏదో ఫైల్లో రాసుకోండి.

డబ్బు. నేను కొంటున్న చోట లో ఫ్లక్స్‌కి, హై ఫ్లక్స్‌కి మధ్య తేడా దాదాపు నాలుగొందలు. వారానికి మూడు, ఏడాదికి 156 సిట్టింగులు. అంటే ఏడాదికి 62,400 రూపాయలు. చిన్న మొత్తం కాదు. ఎంఆర్‌పీ చూసి బెదిరిపోకండి, పెట్టె మీద ధరకీ షాపువాడు ఇచ్చే ధరకీ పొంతన ఉండదు. ఒక్కొక్కటి కొనకుండా నలుగురు కలిసి కార్టన్ తీసుకుంటే ఇంకా దిగుతాడు. మేం ముగ్గురం అలాగే తెప్పించుకుంటున్నాం. ఎక్స్‌పైరీ చూసుకోండి, ఎండలో నిలబెట్టిన బండి డిక్కీలో పెట్టి మర్చిపోవద్దు.

ఎన్టీఆర్ వైద్య సేవలోనో, మా ప్రభుత్వోద్యోగుల ఈహెచ్‌ఎస్ లాంటి ఆరోగ్య కార్డు మీదో, 2016 బడ్జెట్‌లో ప్రకటించిన జాతీయ డయాలిసిస్ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలోనో చేయించుకునేవాళ్ళకి ఫిల్టర్ ఎంచుకునే వీలు తక్కువ. ప్యాకేజీలో ఏది వస్తే అదే. తెలంగాణలో ప్రభుత్వ కేంద్రాలకి సింగిల్ యూజ్ పద్ధతి తెచ్చారు, అది మంచి పని. ఇక్కడ ఆంధ్రాలో డయాలిసిస్ వాళ్ళకి నెలనెలా వచ్చే పదివేల పెన్షన్‌లోంచి కొందరు సొంత ఫిల్టర్ కొనుక్కొస్తున్నారు. సొంత ఫిల్టర్ తెచ్చుకుంటే పెడతారా అని ముందు అడగండి, కొన్నిచోట్ల ఒప్పుకోరు. ఆ డబ్బుతో హై ఫ్లక్స్ కొని రీయూజ్ చేయించుకోవడమా, లో ఫ్లక్స్ కొని ప్రతిసారీ కొత్తది పెట్టించుకోవడమా అంటే, నా ఓటు రెండోదానికే.

సిట్టింగ్ అయిపోయాక ఫిల్టర్ పారేసేముందు ఒక్కసారి ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టి చూపించమనండి. తెల్లగానో లేత గులాబీగానో ఉంటే సరే. ఎర్రటి చారలు నిలువునా ఉంటే రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ చాలలేదని, ఆ రోజు ఫిల్టర్ పూర్తిగా పనిచేయలేదని, మీ రక్తం కొంత అందులోనే ఉండిపోయిందని. అది ఏ బ్రాండైనా ఒకటే.

ఎవరైనా సలహా అడగదలుచుకుంటే ఈ నాలుగూ రాయండి: డ్రై వెయిట్ (అదనపు నీరంతా తీశాక ఉండే బరువు) ఎంత, పంప్ స్పీడ్ ఎంత, ఎన్ని గంటలు, యూఆర్ఆర్ ఎంత. నాకు తెలిసినంతలో చెబుతాను, మిగతాది మీ నెఫ్రాలజిస్ట్‌ని అడగండి. ఉత్త ఫిల్టర్ పేరు రాసి ‘మంచిదేనా మాస్టారూ’ అంటే మాత్రం నా దగ్గర జవాబు లేదు.